పోలీసు బడిలో పుట్టిన డిగ్రీ: అమెరికాలో క్రిమినల్ జస్టిస్ చదువు వెనక కథ

అమెరికా యూనివర్సిటీల కోర్సుల్లో 'క్రిమినల్ జస్టిస్' అన్న పేరు కనపడగానే మనవాళ్లు చాలామంది అది లా డిగ్రీ అనుకుంటారు. కాదు. నాలుగేళ్లు చదివి పట్టా పుచ్చుకున్నా కోర్టులో వాదించడానికి కుదరదు. వకీలు కావాలంటే ఆ తర్వాత మూడేళ్లు లా స్కూల్లో చదవాల్సిందే. పోనీ పోలీసు శిక్షణా అంటే అదీ కాదు. ఉద్యోగం వచ్చినవాళ్లు అకాడమీకి విడిగా వెళ్తారు. పోలీసు, కోర్టు, జైలు అనే మూడింటినీ కలిపి చదివించే కోర్సు ఇది. ఈ మూడూ ఒక్క చోటికి ఎలా చేరాయో తెలిస్తే, ఈ డిగ్రీ ఎవరి కోసమన్న తగువు ఇంకా ఎందుకు తెగలేదో కూడా తెలుస్తుంది.

1905లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పట్టణం ఆగస్ట్ వోల్మర్‌ను మార్షల్‌గా, అంటే పట్టణ పోలీసు అధిపతిగా ఎన్నుకుంది. అంతకుముందు ఆయన ఇంటింటికీ ఉత్తరాలు పంచేవాడు. పెద్ద చదువులేమీ చదవలేదు. ఆ రోజుల్లో చాలా నగరాల్లో పోలీసు ఉద్యోగమంటే స్థానిక నాయకుడి చలవ. నేరం ఒప్పించడమంటే కొట్టి ఒప్పించడం. చదువు లేని వోల్మర్ దీనికి చదువే మందని నమ్మాడు. 1908లో తన సిబ్బందికి బడి పెట్టాడు, 1916లో బర్క్‌లీ యూనివర్సిటీలో వేసవి తరగతులు మొదలుపెట్టించాడు. కాలేజీ కుర్రాళ్లను పోలీసుల్లో చేర్చుకున్నాడు. 1921లో లై డిటెక్టర్ తయారుచేసిన జాన్ లార్సన్ ఆయన దగ్గర పనిచేసిన పోలీసే. శరీరధర్మశాస్త్రంలో డాక్టరేట్ ఉన్నవాడు. పోలీసుల దెబ్బల బాగోతాన్ని 1931లో ప్రభుత్వం వేసిన వికర్‌షామ్ కమిషన్ దేశం ముందు పెట్టినప్పుడు, పోలీసు వ్యవస్థ మీద సంపుటం రాసే బాధ్యత వోల్మర్‌కే దక్కింది.

1930లో శాన్ హోసే, 1935లో మిషిగన్ స్టేట్ కాలేజీలు ఆ దారి పట్టాయి. 1950లో బర్క్‌లీలోనే స్కూల్ ఆఫ్ క్రిమినాలజీ (నేరశాస్త్రం) వచ్చింది. దాని మొదటి డీన్ ఓ.డబ్ల్యూ. విల్సన్ వోల్మర్ శిష్యుడే. అయితే అప్పటిదాకా ఈ చదువులన్నింటికీ పోలీసే కేంద్రం. జైలు నుంచి బయటికొచ్చిన మనిషి ఏమవుతాడన్నది వాటిలో పెద్ద ప్రశ్న కాదు.

కథ మలుపు తిరిగింది 1960ల్లో. నేరాలు పెరుగుతున్నాయన్న భయం ఒకవైపు, పోలీసుల మీద నల్లజాతివారి ఆగ్రహం ఇంకోవైపు. 1965 జూలైలో అధ్యక్షుడు జాన్సన్ నేరాల మీద, పోలీసు, కోర్టుల పనితీరు మీద ఒక కమిషన్ వేశాడు. నెల తిరక్కుండానే లాస్ ఏంజిలిస్‌లో నల్లజాతివారు ఎక్కువగా ఉండే వాట్స్ ప్రాంతం తగలబడింది. రోడ్డు మీద ఒక కారును ఆపడంతో మొదలైన గొడవలో 34 మంది చనిపోయారు. 1967 ఫిబ్రవరిలో వచ్చిన కమిషన్ నివేదికలో ఒక పటం ఉంది. నేరం జరగడం, అరెస్టు, అభియోగం, విచారణ, శిక్ష, పెరోల్ అన్నీ ఎడమ నుంచి కుడికి ఒకే ప్రవాహంలా గీశారు. మొదట్లో వెడల్పుగా ఉన్న పాయ పోనుపోను సన్నబడిపోతుంది. అంతవరకు ఎవరి దారిన వాళ్లున్న పోలీసులు, కోర్టులు, జైళ్లు ఒకే 'వ్యవస్థ'గా జనం కళ్లకు కట్టింది ఆ బొమ్మతోనే. ఇవాళ మొదటి సెమిస్టర్ పాఠ్యపుస్తకం తెరిచినా ఆ బొమ్మో, దాని తోబుట్టువో కనిపిస్తుంది. సిలబస్ అంతా దాని మీదే నడుస్తుందంటే అతిశయోక్తి కాదు.

పోలీసులందరికీ కనీసం బ్యాచిలర్ డిగ్రీ ఉండాలన్నది అంతిమ లక్ష్యం కావాలని అదే నివేదిక చెప్పింది. 1968 చట్టం అందుకు డబ్బు తెచ్చింది. ఉద్యోగంలో ఉన్న పోలీసులకు ఫీజు గ్రాంటు ఇచ్చారు. కాబోయేవారికి అప్పిచ్చి, డిగ్రీ తర్వాత ఈ రంగంలో పనిచేసిన ఒక్కో ఏడాదికి పావు వంతు మాఫీ చేశారు. నాలుగేళ్లు పనిచేస్తే బాకీ సున్నా. 1975 నాటికి ఈ పథకం ఏడాదికి దాదాపు 4 కోట్ల డాలర్లకు, వెయ్యికి పైగా కాలేజీలకు చేరింది. డబ్బున్న చోటికి కాలేజీలు పరుగెత్తాయి. చాలాచోట్ల రిటైరైన పోలీసులను తెచ్చి పాఠాలు చెప్పించారు. స్టేషన్లో నేర్చుకోవలసిన పనే తరగతి గదిలో క్రెడిట్లుగా మారింది.

1978లో నేరశాస్త్రవేత్త లారెన్స్ షెర్మన్ నాయకత్వంలో వచ్చిన అధ్యయనం దీన్ని తూర్పారబట్టింది. ఉద్యోగంలో చేరినవాడికి డిగ్రీ అంటగట్టడం కన్నా, ముందే బాగా చదువుకున్నవాణ్ణి చేర్చుకోండని దాని సారాంశం. ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ప్రశ్నించడం నేర్పని డిగ్రీ జీతం పెంచుతుందేమో గానీ మనిషిని మార్చదు.

ప్రశ్నించడం నేర్పినచోట ఏమైందో కూడా చెప్పుకోవాలి. బర్క్‌లీ స్కూల్లో కొందరు అధ్యాపకులు 1970ల్లో పోలీసు అధికారాన్నే ప్రశ్నించారు. చట్టం ఎవరి పక్షాన ఉందని అడిగారు. 1976లో యూనివర్సిటీ ఆ స్కూల్‌ను మూసేసింది. విద్యా ప్రమాణాల కోసమని పైవాళ్లు అన్నారు, ఇది రాజకీయమని విద్యార్థులు ఆందోళనకు దిగారు. వోల్మర్ మొదలుపెట్టిన చోటే అలా తలుపులు మూతపడ్డాయంటే బాధేస్తుంది.

మిగతా చోట్ల మార్పు నెమ్మదిగా జరిగింది. పేర్లే సాక్ష్యం. న్యూయార్క్‌లో 1964లో పోలీస్ సైన్స్ కాలేజీగా ఏర్పాటైనది రెండేళ్లకే జాన్ జే కాలేజ్ ఆఫ్ క్రిమినల్ జస్టిస్ అయింది. 1963లో పోలీసు ప్రొఫెసర్లు పెట్టుకున్న సంఘం 1970లో క్రిమినల్ జస్టిస్ సైన్సెస్ అకాడమీగా పేరు మార్చుకుంది.

మరి డిగ్రీ లక్ష్యం ఏమైంది? ఇప్పటికీ అమెరికాలో ఎక్కువ పోలీసు శాఖలు హైస్కూల్ పాసైతే చాలంటాయి. మన తెలుగు రాష్ట్రాల్లో కానిస్టేబుల్‌కు ఇంటర్, ఎస్సైకి ఏదో ఒక డిగ్రీ అడుగుతారు. అమెరికాలో కాలేజీ చదువు తప్పనిసరి చేసిన అరుదైన రాష్ట్రం మిన్నెసోటా. 2020 మే 25న నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ పోలీసుల చేతిలో చనిపోయింది ఆ రాష్ట్రంలోనే. ఆ ఘటనలో ఉన్న నలుగురు పోలీసుల్లో డిగ్రీ చదివినవాళ్లూ ఉన్నారు.

పటంలో కుడి చివర ఉన్నవారి, అంటే ఖైదీల సంగతి అన్నిటికన్నా ఆలస్యంగా పట్టించుకున్నారు. ఖైదీలు కాలేజీ చదువుకోవడానికి ప్రభుత్వం నుంచి అందే పెల్ గ్రాంట్లను 1994 చట్టం ఆపేసింది. అవి పూర్తిగా తిరిగొచ్చింది 2023 జూలైలో. ఈ రెంటి మధ్యలోనే, 1997లో, ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీ అధ్యాపకురాలు లోరీ పాంపా తన విద్యార్థులను జైలుకు తీసుకెళ్లి, ఖైదీలతో కలిపి సెమిస్టర్ పొడవునా పాఠం నడిపారు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో కాలేజీలకు పాకింది. గుండ్రంగా కుర్చీలు వేస్తారు. ఒక విద్యార్థి, పక్కన ఒక ఖైదీ, మళ్లీ ఒక విద్యార్థి. ఇంటిపేర్లు చెప్పుకోరు. పుస్తకం అందరికీ ఒకటే, హోంవర్కూ ఒకటే.