గ్లాకోమా ఆపరేషన్ అయిన కంటికి శుక్లం ఆపరేషన్: అపోహలు, వాస్తవాలు

అపోహ: శుక్లం ఆపరేషన్ ఏ కంటికైనా ఒక్కటే.

వాస్తవం: కాదు. గ్లాకోమా అంటే ఎక్కువగా కంటి ఒత్తిడి పెరిగి దృష్టి నాడి దెబ్బతినే జబ్బు. దానికి చేసే ట్రాబెక్యులెక్టమీ ఆపరేషన్‌లో కంటి లోపలి నీరు బయటికి పోయేలా దారి చేస్తాం. అది అయిన కంట్లో, పైరెప్ప చాటున, తెల్లగుడ్డును కప్పిన పలచటి పొర కింద నీరు చేరే చిన్న బుడగ ఉంటుంది. దాన్నే బ్లెబ్ అంటాం. కంటి ఒత్తిడి అదుపులో ఉందంటే దాని చలవే. శుక్లం తీసినప్పుడు కంటి లోపల రేగే వాపు వల్ల నీరు పోయే ఆ దారి మచ్చకట్టి పూడిపోవచ్చు. అప్పుడు బుడగ చదునై, కొన్ని నెలలకు ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. అందుకే కోతను పైన కాకుండా కణత వైపు, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) అంచున 2.2 నుంచి 2.8 మిల్లీమీటర్లు పెడతాం. బ్లెబ్ పొరను ఫోర్సెప్స్‌తో (పట్టకారుతో) ముట్టుకోం. ఒత్తిడి బాగా తక్కువున్న కంట్లో కోత తనంతట మూసుకోకపోవచ్చు; అనుమానముంటే 10-0 (వెంట్రుకకన్నా సన్నని) నైలాన్ కుట్టు ఒకటి వేయాల్సిందే.

ఏళ్ల తరబడి పైలోకార్పిన్ (కంటిపాపను చిన్నది చేసే గ్లాకోమా చుక్కలు) వాడినవారికి కంటిపాప సరిగా విచ్చుకోదు, ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) లెన్స్‌కు అతుక్కుని ఉండొచ్చు. కంటిపాపను విప్పి పట్టి ఉంచే ఐరిస్ హుక్సో, రింగో ముందే సిద్ధంగా ఉంచుకోవాలి.

అపోహ: శుక్లం కనబడగానే తీయించేయాలి.

వాస్తవం: వీలైతే గ్లాకోమా ఆపరేషన్ తరవాత కనీసం 6 నెలలు, కుదిరితే ఏడాది ఆగడం మంచిది. బ్లెబ్ కుదురుకోవాలి. పైగా ఒత్తిడి తగ్గిన కంటి పొడవు కొంచెం కుదించుకుంటుంది. అది నిలకడకు రాకముందే కొలిస్తే, అమర్చే లెన్స్ పవర్ తప్పుతుంది. శుక్లం పట్టిన లెన్స్ ఉబ్బి ఒత్తిడి పెంచుతుంటే మాత్రం ఆగకూడదు.

అపోహ: శుక్లం తీస్తే చూపు మొత్తం తిరిగొస్తుంది.

వాస్తవం: మసక పోతుంది. దృష్టి నాడి దెబ్బతిని పోయిన చూపు రాదు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే రోగికి విడమరచి చెప్పాలి. మల్టీఫోకల్ లెన్స్ (దగ్గర, దూరం రెండూ చూపేది) వెలుగునీడల తేడా పోల్చుకునే కాంట్రాస్ట్‌ను ఇంకా తగ్గిస్తుంది కాబట్టి నాడి దెబ్బతిన్నవారికి ఒకే దూరానికి స్పష్టంగా చూపే మోనోఫోకలే మా సలహా.

అపోహ: ఆపరేషన్ బాగా జరిగితే ఒత్తిడి గురించి దిగులక్కర్లేదు.

వాస్తవం: తొలి 24 గంటలే గండం. లోపల వాడిన జెల్ కాస్త మిగిలినా ఒత్తిడి ఎగబాకుతుంది, బలహీనమైన నాడి దాన్ని తట్టుకోలేదు. మర్నాడు ఒత్తిడి చూడకుండా వదలకూడదు. స్టెరాయిడ్ చుక్కలు మామూలుకంటే ఎక్కువ సార్లు, ఎక్కువ వారాలు వాడి మెల్లగా తగ్గిస్తాం. కొందరిలో ఆ చుక్కలే ఒత్తిడి పెంచుతాయి కనుక మధ్యలో పరీక్షలు మానొద్దు. గ్లాకోమా చుక్కలు డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు. కన్ను ఎర్రబడి, నొప్పి, పుసి, చూపు తగ్గడం కనిపిస్తే అది బ్లెబ్‌కు పట్టిన ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆపరేషన్ అయి ఏళ్లు గడిచినా సరే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగొద్దు.