నడిసముద్రపు ఇసుకలో చమురు

“లోతు సముద్రం అడుగున ఉండేది బురదే కదా, చమురు నిలిచే ఇసుకరాయి అక్కడికెలా వచ్చింది?” అని ఒక పాఠకుడు అడిగారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో వెంచురా బేసిన్ అనే, అవక్షేపాలు (ఇసుక, మట్టి మేటలు) పేరుకున్న పల్లంలో భూవిజ్ఞానులను వేధించిందీ ఇదే ప్రశ్న. అక్కడి బంకమట్టి పొరల్లో లోతు నీళ్లలో బతికే ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల పెంకులున్నాయి. వాటి మధ్యనే చమురు నిండిన ఇసుక పొరలున్నాయి. ఇసుక కనిపించిన ప్రతిచోటా ఒకప్పుడు తీరముండేదనుకుంటే, సముద్రపు అడుగు మళ్లీ మళ్లీ పైకి లేచి దిగిపోయి ఉండాలి!

ఈ చిక్కుముడిని విప్పే సాక్ష్యాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అట్లాంటిక్‌లో దొరికింది. 1929 నవంబరు 18న కెనడా తీరానికి ఆవల, లోతు తక్కువగా ఉండే గ్రాండ్ బ్యాంక్స్ సముద్రభాగం అంచున 7.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. దగ్గర్లోని టెలిగ్రాఫ్ కేబుళ్లు వెంటనే తెగాయి. ఇంకా లోతున ఉన్నవి మాత్రం ఒకదాని తర్వాత ఒకటి, 13 గంటలకు పైగా తెగుతూనే పోయాయి. ఏది ఎప్పుడు మూగబోయిందో నిమిషాలతో సహా నమోదైంది. 1952లో హీజెన్, ఈవింగ్ అనే శాస్త్రవేత్తలు ఆ సమయాలనూ దూరాలనూ కలిపి లెక్క కడితే, వాలు వెంట దూసుకుపోయిన బురద ప్రవాహం బయటపడింది. దాని వేగం గంటకు 60 కిలోమీటర్ల పైమాటే!

దీన్నే టర్బిడిటీ కరెంట్ అంటారు. ఇసుక, బురద కలిసిన నీరు చుట్టుపక్కల నీటికన్నా బరువు కనుక వాలులోకి జారుతుంది. జారేకొద్దీ సుడులు రేగుతాయి, ఆ సుడులు రేణువులను కింద పడనివ్వవు. పైగా అడుగును కోసి కొత్త ఇసుకను కలుపుకుంటుంది కాబట్టి బరువు పెరుగుతుంది, దాంతో వేగమూ పెరుగుతుంది. వాలు తగ్గిన చోట ముందు ముతక ఇసుక, తర్వాత సన్న ఇసుక, చిట్టచివర బంకమట్టి దిగుతాయి. 1962లో బౌమా అనే భూవిజ్ఞాని ఈ వరసను అయిదు భాగాలు చేశాడు: అడుగున ముతక ఇసుక, దానిపై సమాంతర చారలు, అలల ముద్రలు, సన్నని ఒండ్రు చారలు, పైన బంకమట్టి. ఇలాంటి పొరలు వేలకొద్దీ విసనకర్రలా పరుచుకుంటే అదే డీప్ సీ ఫ్యాన్. బంగాళాఖాతంలోనిది దాదాపు 3,000 కిలోమీటర్ల పొడవు.

చమురును భూగర్భ సరస్సులా బొమ్మ గీసి పాఠం చెప్పడం మానేయాలి. అది ఉండేది ఇసుక రేణువుల సందుల్లో. ఫ్యాన్‌లో ఇసుక మీద దిగిన బంకమట్టే దానికి మూత. కానీ ఫ్యాన్ కనిపించినంత మాత్రాన చమురున్నట్టు కాదు. జీవపదార్థం నిండిన మట్టి కిలోమీటర్ల లోతున కూరుకుపోయి, సుమారు 60 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ వేడిలో మగ్గాలి. వెంచురాలో ఆ పని చేసింది టెక్టోనిక్ కదలికలే, అంటే భూమి పైపొర పలకల కదలికలే: బేసిన్ కుంగుతూ పోయి అవక్షేపాలకు చోటిచ్చింది, తర్వాతి ఒత్తిడికి పొరలు మడతపడి చమురును పట్టి ఉంచాయి. అయినా ప్రతి బావీ ఫలించదు. ప్రవాహం తవ్వుకున్న కాలువ నడుమ ఇసుక మందంగా ఉంటుంది, గట్ల మీద పలచని చారలే మిగులుతాయి, అందుకే పక్కపక్క బావుల్లోనే ఫలితం మారిపోతుంది.