వేసవి కాన్పుకు సంచి సర్దుతున్నారా? ముందు ఆ దుప్పట్లు బయటపెట్టండి

వేసవి కాన్పుకు వచ్చేవాళ్ల సంచి తెరిస్తే పైన కనిపించేవి దాదాపు ఎప్పుడూ అవే. ఉన్ని స్వెటర్, చెవులు మూసే టోపీ, చేతులకూ కాళ్లకూ మేజోళ్లు, రెండు మందపాటి దుప్పట్లు. బాలింతకు కావలసిన పలుచటి నూలు నైటీలు మాత్రం అడుగున ఒకటో రెండో ఉంటాయి. ఇలా సర్దేది ప్రేమతోనే, కాదనను. కానీ దీని వెనకున్న ఒక నమ్మకం బిడ్డకు నిజంగా హాని చేస్తుంది. అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను.

అపోహ: పసిబిడ్డకు ఎండాకాలమైనా చలే. ఎంత చుడితే అంత మంచిది.

ఇందులో సగం నిజముంది. పుట్టిన క్షణంలో బిడ్డ ఒళ్లంతా ఉమ్మనీటితో తడిసి ఉంటుంది. ఆ తడి ఆరేటప్పుడు ఒంట్లో వేడి గబగబా పోతుంది. అందుకే వెంటనే పొడిగా తుడిచి, తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, పైన పొడి గుడ్డ కప్పి, తలకు టోపీ పెడతారు. కాన్పు గది 25 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా అందుకే. ఆ మొదటి గంటల కోసం సంచిలో ఒక పలుచటి నూలు టోపీ, రెండు మెత్తటి పొడి గుడ్డలు చాలు.

ఒళ్లు ఆరి, పాలు తాగడం మొదలయ్యాక లెక్క మారుతుంది. నెలలు నిండిన బిడ్డకు మెడ చుట్టూ, భుజాల మధ్య ఒక రకమైన గోధుమరంగు కొవ్వు ఉంటుంది. చలేస్తే దాన్ని కరిగించి కొంత వేడి పుట్టించుకోగలదు. వేడిని వదిలించుకోవడమే కష్టం. చెమట సరిగా పట్టదు, దుప్పటి తన్నేసే బలం ఉండదు. ఒళ్లంతా చుట్టేస్తే వేడి ఎక్కువగా బయటికి పోయేది తల నుంచే. గదిలో కూడా టోపీ తీయకపోతే ఆ దారీ మూసుకుపోతుంది.

అలా వేడెక్కిన బిడ్డ చాలాసార్లు ఏడవకుండా మత్తుగా పడుకుంటుంది. హాయిగా నిద్రపోతోందని అందరూ సంతోషిస్తారు. రోజుకు 8 నుంచి 12 సార్లు తాగాల్సిన పాలు నాలుగైదు సార్లకు పడిపోతాయి. మూత్రం తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, కామెర్లు ఉంటే పెరుగుతాయి. ఒళ్లు 38 డిగ్రీలకు చేరిందంటే, నెలలోపు బిడ్డ విషయంలో ‘చుట్టినందువల్లేలే’ అని డాక్టరు వదిలేయలేరు. ఇన్ఫెక్షన్ కాదని తేలేదాకా రక్తపరీక్షలు, ఒక్కోసారి వెన్నులోంచి నీరు తీసి చేసే పరీక్ష, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు తప్పకపోవచ్చు. పసిపిల్లలు నిద్రలో హఠాత్తుగా ప్రాణాలు కోల్పోయే ముప్పును పెంచేవాటిలో ఒళ్లు వేడెక్కడం కూడా ఉంది. అందుకే పడుకోబెట్టేటప్పుడు టోపీ, దిండు, వదులు దుప్పటి ఏవీ వద్దు. వెల్లకిలానే పడుకోబెట్టాలి.

ఇంత చుట్టబెట్టడానికి కారణం చాలాసార్లు బిడ్డ చేతులు, పాదాలే. మొదటి ఒకటి రెండు రోజులు అవి చల్లగా, కాస్త నీలంగా ఉండటం మామూలే. అక్కడికి రక్తప్రసరణ ఇంకా కుదురుకోలేదన్నమాట. పెదవులు, నాలుక నీలంగా ఉంటే మాత్రం క్షణం ఆగకుండా నర్సును పిలవండి. చలో వేడో తెలియాలంటే మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా, పొడిగా ఉంటే సరిపోయింది. తడిగానో వేడిగానో ఉంటే ఒక పొర తీసేయండి. చల్లగా ఉంటే గుడ్డలు పెంచేముందు తల్లి గుండెల మీద పడుకోబెట్టండి.

డిజిటల్ థర్మామీటర్ ఒకటి సంచిలో వేసుకోండి. చంకలో పెడితే 36.5 నుంచి 37.5 వరకు మామూలు. అంతకంటే కాస్త ఎక్కువుంటే పొరలు తీసి, పాలిచ్చి, అరగంటలోపు మళ్లీ చూడండి. 38 కనిపించిందంటే మాత్రం, ఆ తర్వాత తగ్గినా సరే, డాక్టరుకు చెప్పాల్సిందే. 36.5 కంటే తగ్గి, తల్లి ఒంటి వెచ్చదనంతో కూడా పెరగకపోయినా అంతే.

ఇక గుడ్డల లెక్క. గది వేడిగా ఉంటే డైపర్, చేతుల్లేని పలుచటి జుబ్బా, అంతే. ఏసీ 24 నుంచి 26 మధ్య ఉంటే పొడుగు చేతుల నూలు జుబ్బా, ఒక పలుచటి చుట్టుగుడ్డ. గాలి నేరుగా మీద పడకుండా ఉయ్యాల పక్కకు జరపండి. మూడు రోజులకు ముందువైపు ముడి వేసే జుబ్బాలు 6 నుంచి 8, చుట్టుగుడ్డలు 5, మేజోళ్లు ఒక జత, అప్పుడే పుట్టినవాళ్ల సైజు డైపర్లు 30 సరిపోతాయి. కొత్తవన్నీ ఒకసారి ఉతికి ఆరేసి పెట్టండి. గుడ్డ చుట్టినా కాళ్లు మోకాళ్ల దగ్గర ముడుచుకునేంత వదులుండాలి, బిగిస్తే తుంటి కీళ్లకు మంచిది కాదు.

నెలలు నిండకముందే పుట్టినా, బరువు రెండున్నర కిలోల లోపున్నా ఈ లెక్క వర్తించదు. ఆ పిల్లలకు వేసవిలో కూడా అదనపు వెచ్చదనం కావాలి. ఎంతన్నది అక్కడి నర్సే చెబుతారు.

అపోహ: ఎండలు మండిపోతున్నాయి, బిడ్డకు దాహమేస్తుంది. నీళ్లసీసా, గ్లూకోజు తప్పనిసరి.

రెండూ బయటపెట్టేయండి. తల్లిపాలలో దాదాపు 87 శాతం నీళ్లే. మొదటి రోజు ముర్రుపాలు ఒక్కో విడతకు టీస్పూను కూడా నిండకపోవచ్చు, ఆ బుజ్జి పొట్టకు అదే చాలు. అందులో నీళ్లు పోస్తే పాలకు చోటుండదు. లేత మూత్రపిండాలు అదనపు నీటిని బయటికి పంపలేవు, రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు. పాలు చాలుతున్నాయా అన్న భయం సహజమే. తడిసిన డైపర్లు లెక్కపెట్టుకోండి. మొదటి రోజు కనీసం ఒకటి, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, అయిదో రోజు నుంచి ఆరు లేదా ఎక్కువ. ఆ లెక్క తగ్గితే పాలిచ్చే తీరు చూపించుకోవాలి.

అపోహ: పౌడరు రాస్తే చెమటకాయలు రావు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుడ్డలు పలుచన చేస్తే చెమటకాయలు వాటంతటవే తగ్గుతాయి.

అపోహ: వేసవి కదా, పుట్టగానే స్నానం చేయించాలి. కనీసం 24 గంటలు ఆగండి. ఒంటి మీది తెల్లటి జిడ్డు మురికి కాదు, చర్మానికి రక్షణ.

అపోహ: ఏసీ వల్ల బిడ్డకు జలుబు చేస్తుంది. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాన్ని తెచ్చేది చూడవచ్చిన మనుషులు. చేతులు కడుక్కోమని మొహమాటం లేకుండా చెప్పండి.

అపోహ: తల్లి సంచి ఏ కాలానికైనా ఒకటే. కాదు. గర్భంలో ఒంట్లో చేరిన నీరు మొదటి వారమంతా చెమటగా, మూత్రంగా పోతుంది. రాత్రిళ్లు బట్టలు తడిసిపోతాయి. ముందువైపు తెరుచుకునే నూలు నైటీలు నాలుగైదు, పక్క మీద పరుచుకోవడానికి ముదురు రంగు తువ్వాలు, పాలిచ్చే బ్రాలు మూడు, ప్రసవానంతర ప్యాడ్లు రెండు ప్యాకెట్లు పెట్టుకోండి. లోదుస్తులు నడుము పైదాకా వచ్చేవి తీసుకోండి, సిజేరియన్ అయితే కుట్టు మీద పట్టీ రాసుకోదు. పాదాలు వాచి ఉంటాయి కాబట్టి చెప్పులు ఒక సైజు పెద్దవి ఉండాలి. నొప్పుల్లో పడుకునే తాగేందుకు స్ట్రా ఉన్న సీసా కావాలి. దాహమేసినప్పుడు గుక్కగుక్కగా తాగనివ్వండి, లీటర్లకు లీటర్లు బలవంతం చేయొద్దు. ముఖ్యంగా నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్ ఎక్కుతుంటే తల్లికి కూడా సోడియం పడిపోవచ్చు.

సంచి 36వ వారానికల్లా సిద్ధంగా ఉండాలి, కానీ కారు డిక్కీలో పెట్టి వదిలేయకండి. ఎండకు లోపల కొలిమిలా కాగుతుంది, ఇన్సులిన్ లాంటి మందులు పాడైపోతాయి. ఇంటికెళ్లే రోజున ముందు కారు తలుపులు తీసి, ఏసీ వేసి చల్లబరచండి. బిడ్డ సీటు బెల్టు బకిల్‌ను చేత్తో తాకి చూసి, అప్పుడు కూర్చోబెట్టండి. ఎండ పడుతోందని సీటు మీద గుడ్డ కప్పొద్దు, లోపల గాలి ఆడదు. కిటికీకి తెర కట్టండి.