పాత పోర్టుల కంప్యూటర్ కొంటున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

పాత కంప్యూటర్లు బాగుచేయడం నా పని, పోగేసుకోవడం నా పిచ్చి. "సీరియల్, ప్యారలల్ పోర్టులున్న సిస్టం ఒకటి కలెక్షన్‌కి చూసి పెట్టండి" అని ఎవరైనా అడిగితే నేను వేసే ఎదురు ప్రశ్న ఒక్కటే: దానికి ఏం తగిలిస్తారు? (సీరియల్ అంటే మోడెం, మౌస్ లాంటివి తగిలించే పాత పోర్టు, ప్యారలల్ అంటే ప్రింటర్లు తగిలించేది; రెండూ యూఎస్‌బీకి ముందటివి.) చాలామంది దగ్గర జవాబు ఉండదు. పోర్టులు చూసి ముచ్చటపడి కొనేసి, తర్వాత పరికరాల కోసం వెతుకుతారు. ముందు పరికరం తేల్చుకోండి, దాన్నిబట్టి పోర్టు, దాన్నిబట్టి కంప్యూటర్.

అపోహ: ఎంత పాతదైతే అంత మంచిది

షోకేసులో పెట్టుకోవడానికైతే సరే. వాడుకోవాలంటే పాత పోర్టులూ, యూఎస్‌బీ లాంటి కొత్తవీ రెండూ ఉన్న మెషినే మేలు. నా ఓటు 1998లో ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్‌తో వచ్చిన పెంటియం-2 బోర్డులకు. వీటిలో మామూలుగా వెనక రెండు సీరియల్, ఒక ప్యారలల్, కీబోర్డుకీ మౌస్‌కీ పీఎస్/2, రెండు యూఎస్‌బీ ఉంటాయి. లోపల ఫ్లాపీ కనెక్టర్, అదనపు కార్డులు గుచ్చే పీసీఐ స్లాట్లు, చాలావాటిలో అంతకన్నా పాత రకం ఐఎస్‌ఏ స్లాటు కూడా. ఫ్లాపీలోని ఫైలు తీసి నెట్‌వర్క్ కార్డు ద్వారా ఇవాళ్టి ల్యాప్‌టాప్‌కి పంపేయొచ్చు. 386 లాంటి ఇంకా పాత మెషిన్ మీద అదే పని చేయాలంటే చాలా ఓపిక కావాలి.

ఐఎస్‌ఏ స్లాటు సంగతి విడిగా చెప్పాలి. విండోస్‌కి ముందటి డాస్ రోజుల్లో తెలుగుతో సహా భారతీయ భాషలు తెరమీద కనిపించడానికి, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వారి జిస్ట్ కార్డుని ఐఎస్‌ఏ స్లాటులో పెట్టి వాడేవారు. అలాంటి కార్డు మీ చేతికొచ్చిందనుకోండి, ఐఎస్‌ఏ స్లాటు లేని బోర్డు కొన్నారంటే అది డబ్బాలోనే ఉండిపోతుంది. కాబట్టి కంప్యూటర్లో తెలుగు చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు వెనక పోర్టులు లెక్కపెట్టే ముందు మూత తీసి లోపలి స్లాట్లు చూడాలి.

ఆపిల్ వైపు చూస్తే, 1998 ఐమ్యాక్‌లో ఏడీబీ (పాత మ్యాక్ కీబోర్డు, మౌస్ పోర్టు), స్కజీ (హార్డ్ డిస్కులు, స్కానర్లు తగిలించే పోర్టు), ఫ్లాపీ మూడూ తీసేశారు. 1999 జనవరిలో వచ్చిన నీలం-తెలుపు పవర్ మ్యాక్ జీ3లో యూఎస్‌బీ, ఫైర్‌వైర్ (వీడియో కెమెరాల్లాంటివి తగిలించే వేగమైన పోర్టు)తో పాటు ఒక ఏడీబీ పోర్టు ఉంచారు. పాత మ్యాక్ కీబోర్డులు మీ దగ్గరుంటే అది బాగా పనికొస్తుంది. సీరియల్, స్కజీ కూడా కావాలంటే 1997 నాటి లేతగోధుమ రంగు జీ3 దగ్గరికి వెళ్లాలి.

అపోహ: యూఎస్‌బీ కన్వర్టర్ ఉంటే చాలు, పాత పోర్టుతో పనేంటి?

ఇది సగం నిజం, అందుకే ఎక్కువమందిని ముంచుతుంది. ప్రోగ్రాం ప్రకారం లోహం కోసే పాత సీఎన్‌సీ మెషిన్‌కి విండోస్ సాఫ్ట్‌వేర్‌తో ప్రోగ్రాం పంపాలంటే మంచి సీరియల్ కన్వర్టర్ చక్కగా పనిచేస్తుంది. కానీ డాస్ ప్రోగ్రాములు చాలావరకు పోర్టుని డ్రైవర్ ద్వారా అడగవు. మొదటి సీరియల్ పోర్టు 3ఎఫ్8 అనే అడ్రస్‌లో ఉంటుందని నమ్మి, నేరుగా అక్కడికే రాసేస్తాయి. ఆ అడ్రస్‌లో కన్వర్టర్ ఉండదు కాబట్టి జవాబు రాదు.

ప్యారలల్ దగ్గర పరిస్థితి ఇంకా ఘోరం. బజార్లో దొరికే యూఎస్‌బీ-ప్యారలల్ కేబుల్ ప్రింటర్ కోసమే పుట్టింది. డాట్ మ్యాట్రిక్స్‌కి బిల్లు కొట్టించగలదు, అంతే. పోర్టు పిన్నులను ఒక్కొక్కటిగా ఆడించే ఈప్రామ్ ప్రోగ్రామర్ (మెమరీ చిప్‌లోకి డేటా ఎక్కించే పరికరం) దానితో కదలదు. ప్యారలల్ పోర్టుకి తాళంలా తగిలించే లాకు (చిన్న డబ్బీ) లేనిదే తెరుచుకోని పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ మీ దగ్గరుందా? దానికి అసలు పోర్టే కావాలి, వేరే దారి వెతికి టైం వేస్ట్ చేసుకోవద్దు.

అపోహ: పాత పోర్టు కావాలంటే పాత కంప్యూటరే కొనాలి

సీరియల్ ఒక్కటే మీ అవసరమైతే కాదు. ఇప్పటి డెస్క్‌టాప్ బోర్డుల్లో కూడా చాలావాటికి లోపల పది పిన్నుల కామ్ హెడర్ (సీరియల్ పోర్టు కనెక్టర్) ఉంటుంది. దానికి బ్రాకెట్ కేబుల్ తగిలిస్తే పోర్టు బయటికొస్తుంది. ఆ కేబుళ్లలో రెండు రకాల వైరింగ్ ఉంది, బోర్డు మాన్యువల్ చూసి కొనండి.

అపోహ: ప్లగ్ పట్టిందంటే కనెక్షన్ కుదిరినట్టే

పీసీ ప్యారలల్ పోర్టు 25 రంధ్రాలది. పాత మ్యాక్ స్కజీ పోర్టూ అచ్చంగా అలాగే ఉంటుంది. ఒకదాని కేబుల్ ఇంకోదానికి హాయిగా పడుతుంది, పరికరం మాత్రం పాడయ్యే ప్రమాదం ఉంది. మ్యాక్ ఏడీబీ, టీవీ ఎస్-వీడియో కూడా చూడటానికి కవలలే. ఇంకో సంగతి: యూఎస్‌బీ అలవాటుతో పీఎస్/2 కీబోర్డుని సిస్టం ఆన్‌లో ఉండగా పీకి పెట్టొద్దు. బోర్డు మీద చిన్న ఫ్యూజు పోయిందంటే కీబోర్డు, మౌస్ రెండూ మూగబోతాయి.

అపోహ: ఆన్ అయింది, కాబట్టి కండిషన్ బాగుంది

నాకు అసలు టెన్షన్ ఇక్కడే. అమ్మేవాడు స్విచ్ వేస్తాడు, మెమరీ లెక్క తెరమీద పరుగెడుతుంది, మనం పర్సు తీస్తాం. 386, 486 బోర్డుల మీద పీపా ఆకారంలో నికెల్-కాడ్మియం బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఏళ్లు గడిచాక అది కారుతుంది. ఆ ద్రవం రాగి గీతల వెంట పాకుతూ పోతుంది. చాలా బోర్డుల్లో బ్యాటరీ కీబోర్డు కనెక్టర్ పక్కనే ఉండటంతో ముందు అదే బలి. టార్చి వేసి చూడండి: ఆకుపచ్చగా, నీలంగా బూజులాంటి పొర కనిపిస్తే ధర సగానికి దించమనండి, లేదా వదిలేయండి. కొన్నాక మొదటి పని ఆ బ్యాటరీ తీసేయడం. కారిందాన్ని కాస్త వెనిగర్ ముంచిన పాత బ్రష్‌తో తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగండి. పాత మ్యాక్‌లలో పొట్టి లిథియం బ్యాటరీ ఉంటుంది. అది కారితే బోర్డుతో పాటు కేసింగూ తుప్పు పడుతుంది.

ఇక పోర్టు పరీక్ష. తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టులో 2, 3 పిన్నులను చిన్న వైరుతో కలిపి, టెర్మినల్ ప్రోగ్రాంలో (కొట్టిన అక్షరాలను పోర్టుకి పంపేది) ఫ్లో కంట్రోల్ అనే సెట్టింగ్ ఆపి టైప్ చేయండి. కొట్టిన అక్షరం వెనక్కొచ్చి తెరమీద పడితే పంపడం, అందుకోవడం రెండూ పనిచేస్తున్నట్టే. వైరు తీశాక కూడా అక్షరాలు పడుతుంటే మురిసిపోకండి, లోకల్ ఎకో (కొట్టిన అక్షరాన్ని ప్రోగ్రామే తెరమీద చూపించడం) ఆన్‌లో ఉంది. అది ఆపి మళ్లీ చూడండి.