పోయేటప్పుడు రెండున్నర, వచ్చేటప్పుడు ఐదు

దుబాయ్‌లో వెల్డింగ్ పని చేసే మా బావ సెలవుకి పలాస వచ్చి, రెండు టికెట్లూ నా ముందు పడేశాడు. "హైదరాబాద్‌లో తెల్లారగట్ల నాలుక్కి ఎక్కితే ఆరున్నరకి దింపేసినాడు. వచ్చేటప్పుడు పదికి ఎక్కితే మూడయింది. దారేటి, సాగిపోనాదేటి?"

సాగలేదు. ఎటునుంచి కొలిచినా సుమారు 2,550 కిలోమీటర్లే. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. అది సరిచేస్తే పోవడానికి నాలుగు గంటలు, రావడానికి మూడున్నర. వేగిరం అయిపోయిందని బావ మురిసిన ప్రయాణమే నిజానికి ఎక్కువసేపు పట్టింది!

ఆ అరగంట తేడాలో పెద్ద వాటా గాలిది. చలికాలంలో ఉత్తర భారతం మీద, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, పడమటి నుంచి తూర్పుకి జెట్ ప్రవాహం గంటకు 150 కిలోమీటర్లు దాటి వీస్తుంది. వాలుకి పోయే తెప్పకీ, ఎదురీదే తెప్పకీ తేడా మన బారువ, భావనపాడు మత్స్యకారులకి ఎవరూ చెప్పక్కర్లేదు. వానాకాలంలో ఆ ప్రవాహం హిమాలయాల అవతలికి జరిగిపోయి, దక్షిణాదిన తూర్పు నుంచి పడమటికి మరో జెట్ ప్రవాహం మొదలవుతుంది. 1950లలో దాన్ని వివరించిన వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం మన తెలుగువారే. ఆ నెలల్లో రాకపోకల తేడా బాగా తగ్గుతుంది.

దగ్గర ఊళ్ళకైతే గాలి కంటే ఎక్కడం, దిగడమే ఎక్కువ సమయం తింటాయి. విశాఖ నుంచి శంషాబాద్ తిన్నగా 510 కిలోమీటర్లు. గంటకు 800 చొప్పున నలభై నిమిషాలైనా పట్టకూడదు. టికెట్ మీద మాత్రం గంటంపావు అటూఇటూ ఉంటుంది. టికెట్ టైము విమానం నిలిచిన చోటు నుంచి కదిలినప్పుడే మొదలై, అవతల ఆగాకే ముగుస్తుంది మరి. పైగా ముప్ఫైవేల అడుగుల నుంచి మెల్లగా దిగాలంటే 170 కిలోమీటర్ల ముందే మొదలెట్టాలి. విశాఖ వచ్చే విమానం మారేడుమిల్లి అడవుల మీద ఉండగానే దిగుతూ ఉంటుందన్నమాట. ఇద్దరికి వండినా పదిమందికి వండినా పొయ్యి రాజేసే తంటా ఒకటే. అందుకే ఢిల్లీ 1,350 కిలోమీటర్లున్నా రెండుంపావు గంటల్లో తేలిపోతుంది.

ఇంతా విని బావ, "మరి భోగాపురంలో ఎక్కితేనో?" అన్నాడు. విశాఖ దాటాక శ్రీకాకుళం వైపున్న కొత్త విమానాశ్రయం అది. విశాఖతో పోలిస్తే అక్కడి నుంచి శంషాబాద్‌కి గాలిదారి ముప్ఫై కిలోమీటర్లు పెరుగుతుంది, అంటే రెండు మూడు నిమిషాలు. శ్రీకాకుళం నుంచి రోడ్డు మాత్రం యాభై కిలోమీటర్ల దాకా తగ్గుతుంది. బస్సులో అది గంట.