కార్బొరేటర్ దగ్గర ఆ రెండు వైర్లు ఎందుకు?

మా తమ్ముడు సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత 150 సీసీ బండి కొన్నాడు. మర్నాడు ఇద్దరం కూర్చుని కడుగుతుంటే కార్బొరేటర్‌కి ఒక పక్కన చిన్న నల్లటి ప్లాస్టిక్ ముక్క కనిపించింది. దాన్నుంచి రెండు సన్నటి వైర్లు బయటికొచ్చి, రెండంగుళాల దూరంలోనే తెగి, టేపు చుట్టి ఉన్నాయి. వీధి చివర మెకానిక్‌ని అడిగితే, "అదా అన్నా, అది లేకపోయినా బండి నడుస్తుంది" అన్నాడు. నిజమే, నడుస్తోంది. కానీ పనిలేని వస్తువును ఏ ఇంజనీరూ బండికి బిగించడు. అది ఎందుకుందో తెలుసుకోవాలనిపించింది.

నిజానికి కార్బొరేటర్‌కి కరెంటుతో పనిలేదు. పిస్టన్ కిందికి దిగేటప్పుడు గాలిని పీల్చుకుంటుంది. ఆ గాలి కార్బొరేటర్‌లోని ఇరుకు గొంతులోంచి వెళ్లేటప్పుడు వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. ఆ తగ్గిన పీడనం వల్ల కింది గిన్నెలోని పెట్రోలు సన్నటి జెట్ గుండా పైకొచ్చి తుంపరగా గాలిలో కలుస్తుంది. జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ ఇలా తుంపర చల్లే కార్బొరేటర్‌ను 1893లో రూపొందించాడు. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాల పాటు బండ్లు ఒక్క వైరు కూడా లేని కార్బొరేటర్లతోనే నడిచాయి. అందుకే అక్కడ వైరు కనిపిస్తే మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ వైరు కార్బొరేటర్ నుంచి ఏదైనా కబురు తీసుకెళ్తోందా, లేక కార్బొరేటర్‌కి కరెంటు తెచ్చి ఏదైనా పని చేయిస్తోందా?

మా తమ్ముడి బండిలోది కబురు తీసుకెళ్లే రకం. ఆ కబురు ఎవరికి, ఎందుకు అనేది తెలియాలంటే సిలిండర్ లోపలికి వెళ్లాలి.

ప్లగ్‌లో నిప్పురవ్వ పడగానే పెట్రోలు మొత్తం ఒక్కసారిగా అంటుకోదు. మంట ప్లగ్ దగ్గర మొదలై సిలిండరంతా పాకడానికి కొంత సమయం పడుతుంది. పిస్టన్ పైదాకా వెళ్లి కిందికి తిరిగిన కాసేపటికి ఆ మంట ఒత్తిడి గరిష్ఠంగా ఉండాలి, అప్పుడే తోపు బాగుంటుంది. కాబట్టి పిస్టన్ ఇంకా పైకి వస్తూ ఉండగానే రవ్వ వేసేయాలి. ఎంత ముందు? నిమిషానికి 6000 సార్లు తిరిగే ఇంజన్‌లో ఒక చుట్టుకు పట్టేది 10 మిల్లీసెకన్లు. అంటే ఒక్క మిల్లీసెకను గడిచేలోపు క్రాంక్, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, 36 డిగ్రీలు తిరిగేస్తుంది. అదే ఇంజన్ ఐడ్లింగ్‌లో 1400 మీద ఉంటే, అదే మిల్లీసెకనులో తిరిగేది సుమారు 8 డిగ్రీలే. అందుకే వేగం పెరిగేకొద్దీ రవ్వను ముందుకు జరుపుతారు. ఆ వేగం ఎంతో, ఇంజన్‌తో పాటు తిరిగే మాగ్నెట్ దగ్గరుండే పికప్ కాయిల్ అనే తీగచుట్ట సీడీఐకి చెబుతూనే ఉంటుంది. సీడీఐ అంటే రవ్వ ఎప్పుడు పడాలో చూసుకునే ఎలక్ట్రానిక్ డబ్బా.

కానీ ఆ సమాచారం ఒక్కటే చాలదు. అరకు వెళ్తూ అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నాం అనుకోండి. వెనక ఒక మనిషి, ఒక బ్యాగు, ఎక్సలేటర్ దాదాపు పూర్తిగా తిప్పి ఉంది, ఇంజన్ 4000 మీద తిరుగుతోంది. మరోసారి చదును రోడ్డు మీద ఒక్కరే, ఎక్సలేటర్ కొంచెమే తిప్పి, అదే 4000 మీద వెళ్తున్నారు. పికప్ కాయిల్‌కి ఈ రెండూ ఒకటే. సిలిండర్‌కి మాత్రం ఒకటి కాదు. ఎక్సలేటర్ పూర్తిగా తెరిస్తే లోపలికి గాలి, పెట్రోలు దట్టంగా వస్తాయి, మంట వేగంగా పాకుతుంది. కాబట్టి రవ్వ మరీ ముందు పడకూడదు, పడితే నాకింగ్ వస్తుంది, అంటే మిశ్రమం అదుపు తప్పి అంటుకుని ఇంజన్ టకటకమని కొట్టుకుంటుంది. కొంచెమే తెరిచినప్పుడు లోపలున్నది పల్చటి మిశ్రమం, పైగా పోయినసారి కాలిన పొగ కూడా అందులో కలిసి ఉంటుంది. మంట నెమ్మదిగా పాకుతుంది కాబట్టి రవ్వ ఇంకా ముందే పడాలి. ఈ తేడా సీడీఐకి తెలియాలంటే మన చెయ్యి ఎక్సలేటర్‌ను ఎంత తిప్పిందో దానికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ రెండు వైర్ల పని అదే.

2003లో వచ్చిన బజాజ్ పల్సర్ డీటీఎస్-ఐలో ఈ ఏర్పాటుకు ట్రిక్స్ అని పేరు పెట్టారు. ఎక్సలేటర్‌తో పాటు ఒక చిన్న అయస్కాంతం కదులుతుంది. అది ఒక స్థానం దాటగానే పక్కనున్న రీడ్ స్విచ్ మారుతుంది, దాంతో సీడీఐ, రవ్వ ఎప్పుడు వేయాలో చెప్పే ఒక టైమింగ్ పట్టిక వదిలి ఇంకోటి అందుకుంటుంది. రీడ్ స్విచ్ నాకు చాలా ఇష్టమైన వస్తువు. సన్నటి గాజు గొట్టంలో రెండు ఇనుప రేకులు ఉంటాయి. అయస్కాంతం దగ్గరికొస్తే అతుక్కుంటాయి, దూరమైతే విడిపోతాయి. 1936లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ కనిపెట్టిన ఈ స్విచ్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో విపరీతంగా పనిచేసింది. గాజులో మూసేసి ఉంటుంది కాబట్టి దుమ్ము, తడి లోపలికి పోవు. మోటార్‌సైకిల్‌కి అలాంటిదే కావాలి.

వైర్లు మూడుంటే అది టీపీఎస్ కావచ్చు, అంటే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్. పాత రేడియోలో సౌండు పెంచే గుండ్రటి బటన్ వెనక ఉండేదీ ఇదీ ఒకే సూత్రం మీద పనిచేస్తాయి. ఎక్సలేటర్ తిరిగేకొద్దీ మధ్య వైరులో ఓల్టేజీ నెమ్మదిగా మారుతుంది. రీడ్ స్విచ్ అవును, కాదు అని మాత్రమే చెప్పగలదు. టీపీఎస్ ఎంత తిప్పారో కూడా చెప్పగలదు. ఇది కార్బొరేటర్ పక్కన, థ్రాటిల్ కడ్డీ చివర బిగించి ఉంటుంది. దాని స్క్రూలు ఊరికే విప్పకూడదు. విప్పక తప్పకపోతే ముందు సూదితో ఒక గీత గీసి పెట్టుకోవాలి, లేకపోతే అది చెప్పే లెక్కంతా పక్కకు జరిగిపోతుంది.

ఇక పని చేయించే వైర్లు. గేర్లు లేని స్కూటర్లలో ఎక్కువగా కనిపించేది ఆటో చోక్. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు సరిగా ఆవిరవ్వదు కాబట్టి స్టార్టింగ్‌కి కొంచెం ఎక్కువ పెట్రోలు కావాలి. ఆటో చోక్‌లో చిన్న హీటరూ మైనమూ ఉంటాయి. ఇంజన్ స్టార్టయ్యాక హీటర్ వేడెక్కుతుంది, మైనం కరిగి ఉబ్బుతుంది, అది తోసిన పిన్ను కొన్ని నిమిషాల్లో ఆ అదనపు పెట్రోలు దారిని మూసేస్తుంది. హీటర్‌లో ఉండేది పీటీసీ అనే పింగాణీ బిళ్ల. ఒక వేడి దాటగానే దాని నిరోధం అమాంతం పెరిగి, కరెంటును తానే తగ్గించేసుకుంటుంది. మన ఇళ్లలో రాత్రంతా ప్లగ్‌కి పెట్టి ఉంచే దోమల మందు మెషీన్‌లోనూ ఇలాంటి బిళ్లే ఉంటుంది. దీని వైరు తెగితే ఆ దారి మూసుకోదు. బండి నడుస్తుంది, కానీ పెట్రోలు తాగేస్తుంది, ప్లగ్ నల్లగా మసి పడుతుంది.

చలి, తేమ రెండూ ఎక్కువగా ఉండే బ్రిటన్ లాంటి చోట్ల అమ్మిన కొన్ని బండ్లకు కార్బొరేటర్‌లో మంచు కట్టకుండా విడిగా హీటర్లు కూడా ఉంటాయి. ఇంకొన్నిటికి పెట్రోలు దారిని మూసే సొలినాయిడ్, అంటే కరెంటుతో కదిలే చిన్న కడ్డీ ఉన్న కాయిల్, ఉంటుంది, కరెంటు అందగానే టక్కుమంటుంది.

ఏది ఏదో తేల్చుకోవడానికి ఒక మామూలు మల్టీమీటర్ చాలు. తాళం ఆపి, కప్లర్ (వైర్లు కలిసే ప్లాస్టిక్ జోడు) ఊడదీసి, మీటర్ పిన్నులు వైర్లకు పెట్టి, ఎక్సలేటర్ తిప్పుతూ చూడాలి. ఒకచోట బీప్ మొదలైతే, లేదా ఆగితే, అది స్విచ్. ఓమ్‌లు మెల్లగా మారుతుంటే టీపీఎస్. మధ్యలో అంకె ఎగిరిపడితే దాని లోపలి పట్టీ అరిగినట్టు. ఎంత తిప్పినా అంకె మారకపోతే హీటరో కాయిలో అయ్యుంటుంది. వైరు ఎటు పోతోందో చివరిదాకా చూడటం ఇంకా మంచిది. సీడీఐ దాకా వెళ్తే కబురు. వైరు రంగును మాత్రం నమ్మకూడదు, కంపెనీకో రంగు ఉంటుంది. అదేమిటో తేలకముందే బ్యాటరీ వైరు తగిలించి చూడటం అస్సలు వద్దు. 12 ఓల్టులకు హీటర్ వేడెక్కుతుంది, కానీ 5 ఓల్టులతో నడవాల్సిన సెన్సర్ కాలిపోవచ్చు.

తమ్ముడి బండిలో తెగిన కొసలు గీకి, మీటర్ పిన్నులు పెట్టి, వాణ్ణి ఎక్సలేటర్ తిప్పమన్నాను. కొంత తిప్పేసరికి మీటర్ కూసింది. వదలగానే ఆగింది. మళ్లీ తిప్పించాను, మళ్లీ కూసింది. ఎన్నాళ్లుగా తెగి ఉందో గానీ, స్విచ్ తన కబురు తాను చెబుతూనే ఉంది. ట్యాంకు కింద వెతికితే రెండో కొస కూడా దొరికింది. రెండిటినీ సోల్డర్ చేసి, పైన స్లీవ్ తొడిగి, ఇంజన్ వేడికి దూరంగా ఫ్రేముకి కట్టేశాం.