నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల ఎదుగుదల: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆరు నెలలు వచ్చినా బోర్లా పడలేదంటే మెదడులో లోపం ఉన్నట్లే.

వాస్తవం: ముందు లెక్క సరిచూసుకోవాలి. 40 వారాలకు పుట్టవలసిన బిడ్డ 30 వారాలకే పుట్టినట్లయితే, ఆరు నెలలు నిండిననాడు ఆ బిడ్డను సుమారు మూడున్నర నెలల బిడ్డగానే చూడాలి. రెండేళ్లు వచ్చేవరకు మెడ నిలపడం, పాకడం, నడవడం వంటివన్నీ ఈ సవరించిన వయసుతోనే కొలుస్తాం. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి. నెలలు నిండి, 2.5 కిలోల లోపు బరువుతో పుట్టిన బిడ్డకు ఈ సవరణ వర్తించదు.

అపోహ: నిలబెడితే మునివేళ్ల మీద బిగదీసుకుని నిలబడుతున్నాడు కనుక కాళ్లలో బలం ఉంది, త్వరగా నడుస్తాడు.

వాస్తవం: ఫిజియోథెరపిస్టుగా నన్ను ఎక్కువగా కలవరపెట్టే మాట ఇదే. 32 వారాల లోపు పుట్టిన పిల్లల్లో మెదడులోని నీటి గదుల పక్కనున్న తెల్ల పదార్థం చాలా సున్నితంగా ఉంటుంది. కాళ్లను కదిలించే నరాల తీగలు ఆ గదులకు అతి దగ్గరగా సాగుతాయి గనుక, అక్కడ దెబ్బ తగిలితే మొదట బిగుసుకునేవి కాళ్లే. డైపర్ మార్చేటప్పుడు తొడలు విడదీయడానికి బలం పెట్టవలసి రావడం, ఎత్తుకోగానే కాళ్లు కత్తెరలా పెనవేసుకోవడం, సవరించిన వయసు నాలుగు నెలలు దాటినా బొటనవేలు లోపలికి మడిచిన పిడికిలి విప్పకపోవడం గమనిస్తే ఆలస్యం చేయకూడదు. ఏడాదిలోపే ఒకే చేత్తో బొమ్మలు అందుకుంటుంటే ఎడమచేతి వాటమనో కుడిచేతి వాటమనో మురిసిపోతారు గానీ, రెండో చేయి ఎందుకు రావడం లేదో చూపించుకోవాలి.

అపోహ: మాడు మీద నుంచి తీసిన స్కాన్ నార్మల్‌గా ఉంది కాబట్టి ఇక భయం లేదు.

వాస్తవం: ఆ స్కాన్ రక్తస్రావాన్ని బాగానే పట్టిస్తుంది, కానీ తెల్ల పదార్థంలోని సూక్ష్మమైన దెబ్బలు దానికి అందకపోవచ్చు. అలాగే స్వల్ప రక్తస్రావం కనిపించిన పిల్లల్లో అధికులు మామూలుగానే నడుస్తారు. అందుకే స్కాన్ ఎలా ఉన్నా బిడ్డ కదలికలను మళ్లీ మళ్లీ పరీక్షించాలి.

అపోహ: వాకర్‌లో కూర్చోబెడితే నడక వస్తుంది.

వాస్తవం: రాదు. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టి, ఎదురుగా కూర్చుని ఆడించడం మేలు.

జిల్లా కేంద్రాల్లోని డీఈఐసీలలో (పిల్లల ఎదుగుదల లోపాలను తొలిదశలోనే గుర్తించి చికిత్స చేసే ప్రభుత్వ కేంద్రాలలో) ఈ పరీక్షలు ఉచితం. వచ్చేటప్పుడు ఎన్నో వారంలో కాన్పయిందో రాసి ఉన్న డిశ్చార్జి కాగితం తెచ్చుకోండి; పుట్టిన బరువు తల్లులు గ్రాములతో సహా చెబుతారు, వారాలు మాత్రం చాలామందికి గుర్తుండవు.